బళ్లో పొయ్యి

మాది కంకిపాడు పక్క పల్లె. ఊరి పేరు రాయడం లేదు. మా అమ్మ ఇంకా అక్కడే బతుకుతోంది, రేపు కూడా ఆ ఊళ్లోవాళ్ల మొహాలు చూడాలి. బందరు రోడ్డు దిగి కాలవ గట్టు మీద అరగంట నడిస్తే ముందు ఊరు వస్తుంది. ఊరు దాటాక బడి, బడి దాటాక మా మాలపల్లె, అక్కణ్ణించి మురుగుకోడు పక్కన మాదిగ గూడెం. కాలవ నీళ్లూ ఇదే వరసలో పారతాయి. ఊళ్లో బర్రెల్ని కడిగిన నీళ్లు మాకొస్తే, మేం గుడ్డలుతికిన నీళ్లు గూడేనికి పోయేవి. బ్యారేజీ నుంచి వదిలే నీళ్లకి కులం లేదంటారు గానీ వాటికి దారి ఉంది, ఆ దారి పొడుగునా కులం ఉంది.

నేను చెప్పబోయేది ఒక్క ఏడాది సంగతి. 2002 జూన్ నుంచి 2003 ఏప్రిల్ దాకా. అప్పుడు నేను ఐదో తరగతి. మా బడి చరిత్ర ఎవరైనా రాస్తే ఆ ఏడాది ఒక పేరా ఉండాలని నా కోరిక. ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను.

బడంటే రెండు గదులు, ఒక వరండా, ఒక వేపచెట్టు, కొడితే పదిసార్లకోసారి నీళ్లిచ్చే చేతిపంపు. ఒక పెద్ద మేస్టారు, ఒక విద్యా వలంటీరు. హాజరుపట్టీలో యాభై ఎనిమిది మందిమి. ఆసాముల పిల్లలు అప్పటికే టై కట్టుకుని ఆటోల్లో కంకిపాడు, ఉయ్యూరు కాన్వెంట్లకి పోతున్నారు. సర్కారు బడి మాకు మిగిలింది. మాకూ, గూడెం పిల్లలకీ, ఊళ్లో గౌడ, యాదవ, రజక, వడ్డెర పిల్లలకీ. ఎవరి కూర్చునే చోటు వాళ్లకి తెలుసు. మేస్టారు ఏనాడూ మీరక్కడ, వాళ్లిక్కడ అని చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండానే మా అమ్మానాన్నలు చెప్పి పంపించారు.

ఆ బళ్లోకి మేం రావడానికి ఎంత కాలం పట్టిందో కూడా చెప్పాలి. నోబుల్ దొర బందరులో దిగింది 1841లో. 1843లో బడి పెట్టాడు. కృష్ణా డెల్టాలో ఇంగ్లీషు చదువు అంటే అందరూ ఆ బడినే చెప్తారు. కానీ ఆ బడి పెద్ద కులాల పిల్లల కోసం. తొలి రోజుల్లో మాల మాదిగలకి అందులో చోటు లేదు. క్రీస్తు అందరికీ, బెంచీ మాత్రం కొందరికి. 1855కి బెజవాడ ఆనకట్ట పూర్తయి, కాలవలు పారి, మెట్ట చేలు మాగాణులయ్యాయి. ఆ కాలవల మట్టి మోసినవాళ్ల పిల్లలకి పలక రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1859లో నందిగామ వైపు రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాలాయన బాప్తిస్మం తీసుకున్నాక గానీ మిషను వాళ్ల అడుగులు పల్లెల వైపు పడలేదు. అక్కణ్ణించి పల్లెకో పాక వచ్చింది. ఆదివారం గుడి, మిగతా రోజులు బడి. మా తాత అలాంటి పాకలోనే రెండేళ్లు చదివాడు. ఆయనకి బైబిల్ చదవడం వచ్చు, ప్రామిసరీ నోటు చదవడం రాదు. ఆసామి చేతిలో ఉన్నది ఆ రెండోదే.

1917 నవంబరులో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన బెజవాడలో మనవాళ్ల సభ జరిగింది. పంచమ సభ అని పిలిచిన దాన్ని ఆది ఆంధ్ర సభగా పేరు మార్చింది అక్కడే. ఆ సభకొచ్చిన వాళ్లు కొండెక్కుతారేమోనని దుర్గ గుడి తలుపులు మూశారు. బళ్లు కావాలి, బావులు కావాలి అని అడిగిన సభ అది. మా పల్లె నుంచి బస్సెక్కితే గంటలోపు చేరే బెజవాడలో ఇంత జరిగిందని నేను డిగ్రీలో చేరాక ఎక్కడో చదివి తెలుసుకున్నాను. బళ్లో చెప్పలేదు. ఇప్పుడు నేను చెప్తున్నాను, అది వేరే సంగతి.

మా అమ్మ నాలుగో తరగతి దాకా ఇదే బళ్లో చదివింది. అప్పట్లో కేర్ ఉప్మా పెట్టేవాళ్లు. అమెరికా నుంచి వచ్చిన పసుపుపచ్చ రవ్వ. ఊళ్లో ఒకావిడ వండేది. ఊరి పిల్లలకి గిన్నెలో గరిటె ఆనించి వడ్డించి, పల్లె పిల్లల దగ్గరకి వచ్చేసరికి గరిటె మూరెడు పైకెత్తి జారవిడిచేదట. వేడి రవ్వ చేతి మీద పడి అమ్మకి బొబ్బలెక్కాయి. "అమెరికావోళ్లు అంతదూరం నుంచి పంపించారు గానీ, ఆ చివరి మూరెడు దూరం దాటించలేకపోయారు" అనేది అమ్మ. నవ్వుతూనే చెప్పేది. నాకు మాత్రం ఆ మూరెడు బాగా గుర్తుండిపోయింది.

2002 కరువు ఏడాది. నైరుతి దేశమంతటా మొహం చాటేసింది. జులై నెలంతా ఎండే. కాలవలకి నీళ్లు ఎప్పుడొదులుతారో తెలియక నాట్లు వెనక్కి పోయాయి. నాట్లు లేకపోతే పల్లెలో ఆడవాళ్లకి పని లేదు. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు కొట్టే రోజులొస్తే నాన్నకి కూలి, అప్పటిదాకా ఏదీ లేదు. ఆ రోజుల్లో బడికెళ్తే నెలకి మూడు కిలోల బియ్యం ఇచ్చేవాళ్లు. 1995లో కేంద్రం మొదలుపెట్టిన పథకం. వందకి ఎనభై రోజులు హాజరుండాలి. చౌకడిపో దగ్గర సంచి పట్టుకుని నిలబడేవాళ్లం. మా ఇంట్లో నేనూ తమ్ముడూ కలిపి ఆరు కిలోలు. ఆరు కిలోలు ఇల్లంతటికీ నాలుగు రోజులు. చదువుకోమని అమ్మ మమ్మల్ని బడికి పంపింది నిజమే, ఆ ఆరు కిలోల కోసం పంపిందీ నిజమే. రెంటిలో ఏది ముందని అడిగేవాళ్లకి ఆకలి తెలియదు.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, సర్కారు ప్రాథమిక బళ్లలో బియ్యం కాదు, వండిన అన్నం పెట్టాలని అన్ని రాష్ట్రాలనీ ఆదేశించింది. పిల్లకి పూటకి కనీసం మూడువందల కేలరీలు, ఏడాదికి కనీసం రెండువందల రోజులు. ఆంధ్రప్రదేశ్‌లో అది 2003 జనవరిలో మొదలైంది. మా బళ్లో సంక్రాంతి సెలవులయ్యాక.

వండేది డ్వాక్రా గ్రూపులు. మా ఊళ్లో రెండు గ్రూపులు, పల్లెలో ఒకటి. పల్లె గ్రూపుకి సభ్యులు చాలక గూడెం నుంచి నలుగురిని కలుపుకున్నారు. బ్యాంకు కోసం కలిశారే గానీ మనసులు కలిసి కాదు. ఊళ్లో గ్రూపులు వంట మాకొద్దన్నాయి. బియ్యం సర్కారు ఇస్తుంది, పప్పు, నూనె, కట్టెలు ముందు మనం పెట్టుకోవాలి, బిల్లులు ఎప్పుడొస్తాయో దేవుడికెరుక. లాభం లేని పని కాబట్టి మాకు దక్కింది. పల్లె నుంచి మా అమ్మ, గూడెం నుంచి ఒకావిడ.

వంటగది లేదు. వేపచెట్టు కింద మూడు రాళ్లు పెట్టారు. రెండు డేగిసాలు, రెండు గరిటెలు. కొబ్బరి మట్టలు, తుమ్మకంప ఇద్దరూ మోసుకొచ్చారు. మొదటి రోజు అన్నం, పప్పుచారు. పొగ గదుల్లోకి వస్తుంటే మేస్టారు లెక్కలు ఆపేశారు. పప్పు పోపు వాసన బళ్లోకి రావడం ఎలా ఉంటుందో నాకు చెప్పడం రాదు. అప్పటిదాకా ఆ గదుల్లో సుద్దముక్క వాసన, గబ్బిలాల వాసన మాత్రమే ఉండేవి.

గంట కొట్టారు. ఇంటి నుంచి తెచ్చుకున్న సత్తు పళ్లేలు పట్టుకుని పల్లె పిల్లలం, గూడెం పిల్లలం చెట్టు కింద కూర్చున్నాం. ఊరి పిల్లలు పలకలు సర్దుకుని ఇళ్లకి పోయారు. కొందరు గదిలోనే కూర్చుని కిటికీలోంచి చూశారు. మేస్టారు తన క్యారేజీ విప్పుకుని లోపల తిన్నారు. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. మా అమ్మ యాభై ఎనిమిది మందికి వండి ముప్పై ఒక్కమందికి వడ్డించింది. మిగిలిన అన్నం ఏం చేయాలో తెలియక ఇద్దరూ డేగిసా దగ్గర నిలబడ్డారు.

ఇంతవరకూ నేను చాలా సభల్లో చెప్పాను. ఊరు మమ్మల్ని వెలివేసింది అని చెప్తే చప్పట్లు కొడతారు. ఇక్కణ్ణించి చెప్పేది చెప్పలేదు.

మొదటి రోజు సాయంత్రం మా మామ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది. "అన్నం ఎవరు వార్చారే?" అమ్మ పప్పు కాచింది, అన్నం ఆవిడ వార్చింది అని చెప్పాను. మామ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "అయితే రేపణ్ణించి అక్కడ తినమాక. మీ అమ్మకి బుద్ధి లేదు. మనం మనమే, వాళ్లు వాళ్లే." మా మామ్మ అంటే నాకు ప్రాణం. కంకిపాడు సెంటర్లో టీ తాగి గ్లాసు తానే కడిగి పెట్టాల్సిన రోజులు చూసిన మనిషి. ఊళ్లో పెళ్లికి పోతే గొడ్లచావిడి పక్కన విస్తరేస్తే లేచొచ్చిన మనిషి. ఆ కథలు చెప్తూనే నన్ను పెంచింది. ఆ కథలన్నీ విన్న నేను మర్నాడు బళ్లో కడుపునొప్పి అన్నాను.

మూడు రోజులు కడుపునొప్పి. గంట కొట్టగానే పొట్ట పట్టుకుని ఇంటికి పోయేదాన్ని. ఇంట్లో ఏముంటుంది, రాత్రి గంజి. నాతోపాటు పల్లె నుంచి ఇంకో ఐదారుగురికి కడుపునొప్పి వచ్చింది. వాళ్ల ఇళ్లలోనూ మామ్మలున్నారు.

మూడో రోజు గూడెం కుర్రాడొకడు, నా పక్క తరగతి, నీళ్ల పంపు దగ్గర నన్ను ఆపాడు. "నీక్కూడా ఊళ్లోవాళ్లకి వచ్చిన కడుపునొప్పే వచ్చిందా?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగాడు. నేను వాణ్ణి తిట్టాను. ఏం తిట్టానో ఇక్కడ రాయను. ఊళ్లోవాళ్లు మమ్మల్ని తిట్టే తిట్టులో ఒక్క మాట మార్చి తిట్టాను.

నేను అంటరానితనం పాటించాను. మూడు రోజులే కావచ్చు, పదేళ్ల పిల్లనే కావచ్చు. కానీ కడుపు కాలుతుంటే కూడా పాటించాను. కులం ఆకలి కంటే బలమైనదని నాకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పుట్టినప్పుడు మా పల్లెలో చాలామంది, ఇప్పటికీ కొంతమంది, ఇది మనల్ని విడగొట్టే కుట్ర అన్నారు. వర్గీకరణ చట్టం 2000లో వచ్చింది, 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఇరవై ఏళ్ల తర్వాత 2024 ఆగస్టు 1న అదే కోర్టు చేసుకోవచ్చంది. ఆ వాదాలన్నీ చదివాను. ఎవరో వచ్చి విడగొట్టారు అన్న మాట దగ్గరికొచ్చేసరికి నాకు నా కడుపునొప్పి గుర్తొస్తుంది. కలిసున్నది ఎప్పుడు?

నాలుగో రోజు రాత్రి అమ్మకి తెలిసింది. పళ్లేలు లెక్కపెట్టుకుంటే తెలుస్తుంది కదా. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. మామ్మతో గొడవా పడలేదు. మర్నాడు గంట కొట్టగానే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వరసలో మొదట కూర్చోబెట్టింది. తన చేతిలో గరిటె గూడెం ఆవిడకిచ్చింది. "అడుగు" అంది నాతో. ఏమడగాలో నాకు తెలియలేదు. "అత్తా, అన్నం పెట్టు అని అడుగు."

అంతకుముందు నేను ఆవిణ్ణి ఏ వరసా పెట్టి పిలవలేదు. మా పల్లెలో ఎవరూ పిలవరు. ముసలివాళ్లని కూడా పేరుతోనే, ఏమే అనే. కిటికీలో ఊరి పిల్లలు, చుట్టూ మావాళ్లు. "అత్తా, అన్నం పెట్టు" అన్నాను. ఆవిడ కళ్లు ఎటో తిప్పుకుని, వంగి, గరిటె నా పళ్లేనికి ఆనించి అన్నం పెట్టింది. "చాలా?" అంది. ఇంకాస్త పెట్టమన్నాను. తినేటప్పుడు నిజంగానే కడుపులో తిప్పింది. భయానికో, ఆకలికో.

మామ్మ అమ్మతో సంక్రాంతికి ఆపిన మాట మళ్లీ ఉగాదికి కలిపింది. మారిపోయిందని రాస్తే బాగుంటుంది గానీ, మారలేదు. 2011లో చనిపోయేదాకా గూడెంలో మంచినీళ్లు తాగలేదు.

ఊరి సంగతి ఇంకోలా నడిచింది. ఫిబ్రవరిలో రామాలయం అరుగు మీద పెద్దలు కూర్చుని మేస్టార్ని పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు. నాకు ఎక్కాలు నేర్పింది ఆయనే. భయస్థుడు, అంతే. ఆయన చేతనే అమ్మకి కబురు పంపారు. ఊళ్లోంచి ఒకావిడ వచ్చి వండుతుంది, మీరిద్దరూ నీళ్లు తేవడం, కట్టెలు కొట్టడం, డేగిసాలు తోమడం చేసుకోండి, డబ్బులు అవే ఇస్తాం, ఎవరికీ నష్టం లేదు కదా అని. వినడానికి ఎంత బాగుందో చూడండి. గరిటె ఒక్కటీ మాకివ్వండి, మిగతావన్నీ మీవే అన్నట్టు.

అమ్మ అంది, "వండితే ఇద్దరం వండుతాం. కాదంటే కొట్లో బాకీ మీరు కట్టి, మీరే వండుకోండి."

బాకీ అప్పటికి రెండువేల మూడొందలు. కంకిపాడు కిరాణా కొట్లో గ్రూపు పేరు మీద పప్పు, నూనె అప్పు. సర్కారు నుంచి ఒక్క బిల్లూ రాలేదు. బాకీ మాట వినగానే ఊళ్లో గ్రూపులు మళ్లీ వెనక్కి తగ్గాయి. ఆ ఏడాది మా ఇద్దరాడవాళ్ల పొయ్యిని కాపాడింది రాజ్యాంగం పదిహేడో అధికరణం కాదు, కిరాణా కొట్టు బాకీ.

మార్చి వచ్చేసరికి ఊరి పిల్లలు ఒక్కొక్కరే దిగారు. ముందు రజక పిల్లలు, తర్వాత వడ్డెర పిల్లలు. కరువు వాళ్ల ఇళ్లకీ వచ్చింది మరి. ఒకామె కూతుర్ని తానే తీసుకొచ్చి, మా అమ్మ మొహం చూడకుండా, "దీనిక్కాస్త పెట్టండి" అని పళ్లెం ముందుకి తోసింది. నా పక్కన కూర్చునే గౌడ పిల్ల మాత్రం ఆఖరిదాకా వరసలోకి రాలేదు. ఒకరోజు గది వెనక్కి పిలిచి, టిఫిన్ డబ్బా మూత చేతిలో పెట్టి, పప్పుచారు తెమ్మంది. తెచ్చాను. గడగడా తాగి, మూతి తుడుచుకుని, "ఎవరికీ చెప్పమాక" అంది. ఎవరు కాచారో తెలుసా అన్నాను. "ఉప్పెక్కువైంది" అంది. బహుజన ఐక్యత గురించి ఎక్కడ ఉపన్యాసం విన్నా నాకు ఆ మూతెడు పప్పుచారే గుర్తొస్తుంది. ఉప్పెక్కువైనా తాగింది కదా అనుకుంటాను ఒకసారి. గది వెనకే కదా అనుకుంటాను ఇంకోసారి.

ఏప్రిల్‌లో బడి మూశారు. మే నెలలో బిల్లులొచ్చాయి, మొత్తం కాదు, చాలావరకు. బాకీ తీరింది. జూన్‌లో బడి తెరిచేసరికి వంట ఊళ్లో గ్రూపుకి మారిపోయింది. బాకీ లేని పొయ్యి అందరికీ కావాలి. ఎందుకు మార్చారని అమ్మ మండలాఫీసు దాకా వెళ్లి అడిగింది. గ్రూపులు వంతులవారీ అన్నారు. ఆ వంతు మళ్లీ తిరిగి రాలేదు. నేను ఆరో తరగతికి హాస్టల్‌కి పోయాను. తమ్ముడు అదే బళ్లో ఊరావిడ వండింది తిన్నాడు. గరిటె పైకెత్తేదా అని అడిగితే, "గుర్తులేదక్కా" అంటాడు. వాడి మేలు కోరి నేను రెట్టించలేదు.

2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఇంకో ఆదేశమిచ్చింది. వంటవాళ్లని, సహాయకుల్ని పెట్టుకునేటప్పుడు దళితులకి, ఆదివాసులకి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని. మా అమ్మ గరిటె పోయిన పది నెలలకి. ఆ మాట మా మండలాఫీసు గోడ మీద ఎవరైనా అంటించారో లేదో గానీ మా పల్లెకి మాత్రం రాలేదు. నేను బీఈడీ చదివేటప్పుడు లైబ్రరీలో చూశాను. అక్కడే థోరట్, జోయెల్ లీ 2005లో రాసిన వ్యాసమూ దొరికింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లో 531 గ్రామాల సర్వే. దళితుల్ని వంటకి పెట్టుకోకపోవడం, పెట్టుకుంటే పిల్లల్ని తిననివ్వకపోవడం, వేరే వరసలు, తర్వాత వంటమనిషిని మార్చేయడం అన్నీ అందులో ఉన్నాయి. మా బడి ఆ లెక్కలో ఉందో లేదో నాకెందుకు, మా బడే అనుకుని చదివాను. మాలావిడ పిల్లలు మాదిగావిడ వండింది తినకపోవడం మాత్రం నాకెక్కడా దొరకలేదు. అది మనం రాయాలి.

ఇప్పుడు నేను పక్క మండలంలో టీచర్ని. మధ్యాహ్న భోజనం రిజిస్టరు నా చేతిలోనే ఉంటుంది. పథకానికి 2020లో జగనన్న గోరుముద్ద అని పేరు పెట్టారు. 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల గన్నవరంలో ఆకలన్నవాళ్లకి అన్నం పెట్టిన తల్లి, ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పొగలో కళ్లు పోగొట్టుకుంటున్నవాళ్ల పేర్లు కూడా ఎక్కడన్నా రాస్తే బాగుండు అనిపిస్తుంది అంతే. వాళ్లకి నెలకి వెయ్యి రూపాయలుండేది 2019లో మూడువేలు చేశారు. మా బళ్లో ఇద్దరు వండుతారు. మొదటి ఏడాది రోజూ వాళ్లతో కలిసి పిల్లల వరసలోనే కూర్చుని తిన్నాను. తోటి టీచర్లు మొదట్లో నవ్వారు. ఇప్పుడు ఇద్దరు వచ్చి కూర్చుంటున్నారు, ముగ్గురు రారు.

కిందటి సంక్రాంతికి ఇంటికెళ్తే ట్రంకుపెట్టె సర్దుతూ అమ్మ ఆ ఏడాది లెక్కల పుస్తకం తీసింది. నాలుగో తరగతి అక్షరాలు. కందిపప్పు ఇంత, నూనె ఇంత, ఉప్పు ఇంత, తారీఖుల వారీగా. ఆఖరి పేజీలో "రావలసింది 412" అని ఉంది. దాని కింద రెండు భాగాలు చేసి, 206 తన పేరు మీద, 206 అత్త పేరు మీద రాసుకుంది. సర్కారు ఆ డబ్బు ఇవ్వలేదు. అత్త 2016లో చనిపోయింది. ఇంకెందుకమ్మా ఈ పుస్తకం అన్నాను. "దాని కొడుక్కి ఇవ్వాలి కదే, వస్తే" అంది. ఆ కొడుకే నీళ్ల పంపు దగ్గర నన్ను కడుపునొప్పి సంగతి అడిగినవాడు. ఇప్పుడు ఆటోనగర్లో లారీ బాడీలు కడతాడు. ఆ రోజు తిట్టినదానికి నేనింకా వాడికి ఏమీ చెప్పలేదు.